రెండు సగాల ఆదివారం: చార్ల్స్ నాల్ గనుల చిత్రాలు, కువైట్ శుక్రవారాలు

శాక్రమెంటోలోని క్రాకర్ చిత్రశాలలో ఒక పెద్ద తైలవర్ణచిత్రం ఉంది. ఎత్తు ఆరడుగులు, వెడల్పు తొమ్మిదడుగులు. పేరు ‘గనులలో ఆదివారపు ఉదయం’. 1872లో చార్ల్స్ క్రిస్టియన్ నాల్ అనే జర్మన్ వలస చిత్రకారుడు వేశాడు. కాలిఫోర్నియా బంగారు వేట గురించి రాసే చోటల్లా ఈ బొమ్మను ముద్రించడం ఆనవాయితీ కనుక, ఆ పేరు తెలియనివారు కూడా ఎక్కడో ఒకచోట దీన్ని చూసే ఉంటారు. ఫోల్సమ్, రోజ్‌విల్ ప్రాంతాల్లో కాపురముంటున్న తెలుగువారికైతే అది అరగంట ప్రయాణం. మా అమ్మాయి అక్కడే ఉద్యోగం చేస్తున్నది. ఆమెను చూడబోయినప్పుడు, కువైట్‌లో రెండు దశాబ్దాలుగా వైద్యం చేస్తున్న నేను ఒక మధ్యాహ్నమంతా ఆ బొమ్మ ముందు నిలబడ్డాను.

చిత్రాన్ని మధ్యగా రెండు సగాలు చేసి చూడవచ్చు. చూడవచ్చు అనడం కూడా సరికాదు. అలా చూడమనే చిత్రకారుడు వేశాడు. ఎడమ సగంలో గుర్రపు పందెం దుమ్ము లేపుతున్నది. గుడిసె దగ్గర కొట్లాట జరుగుతున్నది. తాగి తూలుతున్న ఒక యువకుణ్ణి ఇద్దరు మిత్రులు పట్టుకొని నడిపిస్తుంటే, అతని చేతిలోని బంగారు రజను నేలపాలవుతున్నది. కుడి సగంలో ఒకడు బైబిలు చదువుతున్నాడు, ఇద్దరు వింటున్నారు. ఒకడు ఇంటికి ఉత్తరం రాసుకుంటున్నాడు. మరి ఇద్దరు బట్టలు ఉతుకుతున్నారు. వారమంతా ఒకే వాగులో, ఒకే మట్టిలో పనిచేసిన మనుషులు సెలవు రోజున రెండు జాతులుగా విడిపోయారు.

మొదట నాకు కలిగింది గుర్తుపట్టిన సంతోషం. ఇది మా శుక్రవారమే గదా అనుకున్నాను. కువైట్‌లో సెలవు శుక్రవారం. 2007కు ముందు గురు, శుక్రవారాలు సెలవులుగా ఉండేవి, తరువాత శుక్ర, శనివారాలయ్యాయి. ఏది మారినా శుక్రవారం మారలేదు. ఆ రోజు కువైట్ సిటీలోని మాలియా, మిర్గాబ్ వీధుల్లో తెలుగు తప్ప మరొక భాష వినిపించని సందులుంటాయి. రాజంపేట, రాయచోటి, కడప, ఉభయ గోదావరి జిల్లాలు ఆ సందుల్లో భుజాలు రాసుకొని తిరుగుతాయి. జుమా నమాజు ముగించుకొని వచ్చేవారు ఒకవైపు, నగరం నడిబొడ్డున ఉన్న చర్చి ఆవరణలో తెలుగు ప్రార్థనకు పోయేవారు మరొకవైపు. డబ్బు పంపే ఎక్స్‌ఛేంజి ముందు వరుస. చెట్టు కింద చీట్లాట. అప్పు తీర్చమని గల్లా పట్టుకున్నవాడు. ఫోనులో బిడ్డకు ముఖం చూపించి, బిడ్డ గుర్తుపట్టకపోతే నవ్వి ఊరుకున్నవాడు. నాల్ బొమ్మలోని వాగు ఒడ్డును తీసి ఇక్కడి బస్సు స్టాండును పెడితే చాలుననిపించింది.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. నిలవకపోవడానికి కారణం అదే చిత్రకారుడు ఇరవై ఏళ్ళ ముందు వేసిన మరొక బొమ్మ. ఈ వ్యాసం ఆ రెండు బొమ్మల మధ్య దూరం గురించి.

నాల్ 1818లో జర్మనీలోని కాసెల్‌లో, తరతరాలుగా శిల్పులు, చిత్రకారులు పుట్టిన ఇంట పుట్టాడు. చేయి తిరిగిన అకాడమీ శిక్షణ పొందాడు. పారిస్‌లో స్థిరపడబోతుండగా 1848 విప్లవం వచ్చిపడింది. ఆ కల్లోలంలో తల్లిని, తోబుట్టువులను, చిత్రకారుడైన మిత్రుడు ఆగస్ట్ వెండెరోట్‌ను వెంటబెట్టుకొని న్యూయార్క్ చేరాడు. 1848 జనవరి 24న కొలోమా దగ్గర సటర్ మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు దొరికిన బంగారు పలుకుల సంగతి అప్పటికే లోకమంతా పాకింది. 1851లో ఆ కుటుంబమంతా పనామా మీదుగా కాలిఫోర్నియా చేరుకుంది. వారు వెళ్ళిన గనుల ఊరి పేరు రఫ్ అండ్ రెడీ. అక్కడ వారు కొన్న గని ‘ఉప్పు చల్లిన’ గని.

ఈ మాటకు కొంత వివరణ అవసరం. వట్టిపోయిన గుంటలో నాలుగు చిటికెల బంగారు రజను చల్లి, కొన్నిసార్లు తుపాకిలో కూరి మట్టిలోకి కాల్చి, కొత్తగా వచ్చినవాడి చేత తవ్వించి, మెరుపు చూపించి అమ్మేయడాన్ని ఆ రోజుల్లో ‘ఉప్పు చల్లడం’ అనేవారు. గల్ఫ్‌కు వచ్చిన తెలుగువాడికి ఈ విద్య వేరే చెప్పనక్కరలేదు. ‘ఆజాద్ వీసా’ అని మనవాళ్ళు పిలిచేది దాని తమ్ముడే. పేరుకు ఒక కఫీలు ఉంటాడు, కాగితం మీద ఒక ఉద్యోగం ఉంటుంది, లక్షలు పోసి కొని వచ్చాక ఆ ఉద్యోగం ఎక్కడా ఉండదు. మోసపోయినవాడు బయట దొరికిన పనల్లా చేస్తూ, ప్రతి పోలీసు తనిఖీకి పక్క సందులోకి తప్పుకుంటూ, అప్పు తీరేదాకా బతకాలి. నాల్‌కు చేతిలో కుంచె ఉంది కనుక బయటపడ్డాడు. బంగారం దొరకకపోయినా, బంగారం దొరికిన మనుషులకు తమ ముఖాలు ఇంటికి పంపుకోవాలనే కోరిక ఉంటుందని అతనికి తెలిసింది. శాక్రమెంటోలో దుకాణం పెట్టాడు. 1852 నవంబరు అగ్నిప్రమాదంలో ఊరితోపాటు అదీ కాలిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు పోయి, సవతి తమ్ముడు ఆర్థర్‌తో కలిసి పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు వేస్తూ స్థిరపడ్డాడు. కాలిఫోర్నియా జెండా మీది ఎలుగుబంటికి మాతృక కూడా అతని బొమ్మే. ఆ జెండా కింద ఇల్లు కట్టుకున్న తెలుగువారు ఎందరో.

ఇప్పుడు మొదటి బొమ్మ సంగతి. పేరు ‘సియెర్రాలలో గని కార్మికులు’. 1851-52 నాటిది, వెండెరోట్‌తో కలిసి వేసినది. ప్రస్తుతం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ కళాసంగ్రహాలయంలో ఉంది. కొండల నడుమ ఇరుకైన వాగు. నలుగురు మనుషులు. పొడవాటి చెక్క తొట్టిలోకి నీరు పారించి, మట్టి ఎత్తిపోసి, బరువైన బంగారం అడుగున నిలిచేలా కడుగుతున్నారు. ఎర్ర చొక్కా, తెల్ల చొక్కా, నీలి చొక్కా. ఒకడు పని ఆపి నీళ్ళు తాగుతున్నాడు. వెనుక దూరంగా ఒక చిన్న గుడిసె, దాని నుంచి పొగ, పక్కన ఆరేసిన బట్టలు. అంతే. కథ లేదు. ఎవరు మంచివారో ఎవరు చెడ్డవారో తెలియదు. ఎవరికి బంగారం దొరికిందో తెలియదు. దొరికిందని కూడా బొమ్మ చెప్పదు.

వైద్యుడి కళ్ళతో చూస్తే ఈ బొమ్మలో మొదట కనిపించేది నడుము. పలుగు, పార పట్టినవాడి వెన్ను వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాల్ సరిగ్గా పట్టుకున్నాడు. మంచు కరిగి వచ్చే నీటి పక్కన, నెత్తిన ఎండతో, రోజుకు పది పన్నెండు గంటలు ఆ భంగిమలో పనిచేసినవాడికి ఏమవుతుందో నాకు వేరే చెప్పాల్సిన పని లేదు. అహ్మదీ వైపు నుంచి, ఉత్తరాన చమురు క్షేత్రాల నుంచి వచ్చే కార్మికుల్లో నేను ఎక్కువగా చూసేవి ఆ నడుమే, ఆ మోకాళ్ళే. గనులసీమల్లో మనుషులు రాళ్ళు పడి చచ్చిపోయిన దానికన్నా జిగట విరేచనాలతో, కలరాతో, తాజా కూరలు దొరకక వచ్చే స్కర్వీతో చచ్చిపోయింది తక్కువేమీ కాదు. 1850లో శాక్రమెంటోను కలరా ఊడ్చింది. అటువంటి చోట ఒక మనిషి నీళ్ళు తాగుతున్న దృశ్యం నాకు అలంకారంగా కనిపించదు. ఆ నీళ్ళు ఎక్కడివి అని అడగబుద్ధవుతుంది. నాల్ కూడా చివరకు 1878లో టైఫాయిడ్‌తో పోయాడు.

ఈ బొమ్మ నిష్కల్మషమైన వాస్తవమని నేననను. ఆ కండలు కాసెల్ అకాడమీలో నేర్చుకున్న కండలు. మూడు చొక్కాల రంగులు కలిపితే అమెరికా జెండా అవుతుందన్న సంగతి కాకతాళీయం కాకపోవచ్చు. అయినా గనిలో దిగి, మోసపోయి, అప్పుడప్పుడే బయటికి వచ్చిన మనిషి వేసిన బొమ్మ ఇది. అతనికి తీర్పు చెప్పే తీరిక ఇంకా రాలేదు.

ఆ తీరిక త్వరగానే వచ్చింది. 1854లో శాక్రమెంటోలో ‘సోమరి గనివాడు, శ్రమించే గనివాడు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పద్యకథ వెలువడింది. బొమ్మలు నాల్‌వి. పేరులోనే కథంతా ఉంది. దీనికి తాత ఇంగ్లండులో ఉన్నాడు: 1747లో విలియం హోగార్త్ వేసిన పన్నెండు ఫలకాల వరుస. ఒకే మగ్గాల శాలలో పనికి కుదిరిన ఇద్దరు కుర్రవాళ్ళలో ఒకడు లండన్ నగర మేయర్ అవుతాడు, మరొకడు ఉరికంబం ఎక్కుతాడు. లండన్ మగ్గాల శాల కోసం కట్టిన చట్రాన్ని తెచ్చి సియెర్రా కొండల్లో బిగించారన్నమాట. తేడా ఒకటుంది. మగ్గం దగ్గర శ్రమకు ఫలితం కొంతవరకైనా లెక్క ప్రకారం వస్తుంది. బంగారు గనిలో అలా రాదు. పక్క పక్క గుంటల్లో ఒకే విధంగా తవ్విన ఇద్దరిలో ఒకడికి పలుకు దొరుకుతుంది, ఒకడికి రాయి దొరుకుతుంది. ‘ఉప్పు చల్లిన’ గని కొన్నవాడికి ఈ సంగతి అందరికన్నా బాగా తెలియాలి. తెలిసి కూడా నాల్ ఆ బొమ్మలు వేశాడు. పొట్టకూటికి వేశాడని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం, తను మోసపోయిన చోటును మరిచిపోవడానికి అటువంటి కథ అతనికీ అవసరమైందేమోననిపిస్తుంది.

మనల్ని మనం మినహాయించుకోవడానికి లేదు. పుణ్యపాపాలను పటం మీద రెండుగా విడదీసి చూపే అలవాటు మనకు పాతదే. ముద్రారాక్షసంలో చాణక్యుని చారుడు నిపుణకుడు యమపటం చేతబట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతాడు; ఆ పటం చూపేవాణ్ణి ఎవరూ అనుమానించరు కనుకనే అది గూఢచారికి అనువైన వేషమైంది. మా ఊరి పాఠశాలలో వేసవి సెలవులకు ముందు రోజున మేం ఆడిన వైకుంఠపాళిలో నిచ్చెనల కింద సుగుణాల పేర్లు, పాముల తలల మీద దుర్గుణాల పేర్లు ఉండేవి. ఆ ఆటలో నిజం చెప్పేవి మాత్రం గవ్వలు. గవ్వల సంగతి పటం మీద ఎక్కడా రాసి ఉండదు.

1872 నాటి చిత్రాన్ని వేయించింది ఎడ్విన్ క్రాకర్. కొంతకాలం కాలిఫోర్నియా అత్యున్నత న్యాయస్థానంలో న్యాయమూర్తి, ఆ తరువాత సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీకి న్యాయవాది. అతని తమ్ముడు చార్ల్స్ ఆ రైలుమార్గం నిర్మాణాన్ని దగ్గరుండి నడిపించినవాడు. సియెర్రా కొండలను పిండి చేసి ఆ మార్గం వేసింది పదివేలకు పైగా చైనా కార్మికులు. 1869 మే నెలలో మార్గం పూర్తయింది. ఆ తరువాతి నెలలోనే ఎడ్విన్ క్రాకర్‌కు పక్షవాతం వచ్చింది. పని మానుకొని కుటుంబంతో యూరప్ వెళ్ళాడు, ఏడువందలకు పైగా చిత్రాలు కొని తెచ్చాడు, ఇంటి పక్కనే చిత్రశాల కట్టించాడు. ఆ శాల కోసం నాల్ చేత పెద్ద పెద్ద చిత్రాలు వేయించాడు. 1875లో అతను మరణించాక, 1885లో భార్య మార్గరెట్ ఆ శాలను నగరానికి దానమిచ్చింది. నేను నిలబడి చూసిన గోడల చరిత్ర అది.

ఒక చేయి పడిపోయిన సంపన్నుడు, తను చూసిన తొలినాళ్ళ కాలిఫోర్నియాను గోడ మీద మళ్ళీ చూడాలనుకోవడాన్ని నేను ఎగతాళి చేయను. పక్షవాతం తరువాత మనుషులు గతాన్ని ఎంత ఆత్రంగా పట్టుకుంటారో వైద్యులకు తెలుసు. కాని కొనుగోలుదారు మారితే బొమ్మ మారుతుంది. 1851లో గని పని కనిపించింది. 1872లో పని అసలు కనిపించదు. అది సెలవు రోజు. శ్రమను తీసేసి, శీలాన్ని పెట్టారు. పనిచేసేటప్పుడు మనిషిని మంచివాడు, చెడ్డవాడు అని విడదీయడం కష్టం, అందరి నడుమూ ఒకేలా వంగుతుంది. సెలవు రోజున సులువు.

రెండు బొమ్మల్లోనూ ఉన్న ఒక వస్తువును చూడండి: బట్టలు. మొదటి బొమ్మలో గుడిసె పక్కన ఆరుతున్న బట్టలు ఎవరివో తెలియదు, ఎవరు ఉతికారో తెలియదు. ఎవరో నిన్న ఉతికారు, ఇవాళ ఆరుతున్నాయి. రెండో బొమ్మలో బట్టలు ఉతకడం ఒక సుగుణం. బైబిలు చదవడానికి, ఉత్తరం రాయడానికి సరసన, కుడి సగంలో దానికి స్థానం దొరికింది. తాగినవాడి బట్టలు కూడా ఎవరో ఒకరు ఉతకాలి గదా, వాడే ఉతుక్కొని ఉండవచ్చు గదా అనే ప్రశ్నకు ఆ చిత్రంలో చోటు లేదు. నాల్ ప్రతిభ తగ్గలేదు. సబ్బు నురగను, తడి గుడ్డ బరువును అంత బాగా వేయగలవారు ఆ కాలపు కాలిఫోర్నియాలో మరొకరు లేరు. చేయి మెరుగుపడింది, చూపు ఇరుకైంది.

ఆ చిత్రంలో ఒక్క చైనా మనిషిని కూడా నేను గుర్తించలేకపోయాను. బంగారు వేట మొదలైన రెండేళ్ళకే, 1850లో, విదేశీ గని కార్మికుల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేసి మెక్సికో, చిలీ మనుషులను తరిమేశారు. 1852లో తక్కువ మొత్తంతో మళ్ళీ వేసిన పన్ను ప్రధానంగా చైనావారి మీద పడింది. ఆ నేల అసలు వాసులైన ఆదివాసుల సంఖ్య, చరిత్రకారుల అంచనా ప్రకారం, బంగారం దొరికిననాటికి సుమారు 1,50,000 ఉండగా 1870 నాటికి దాదాపు 30,000కు పడిపోయింది. ఈ బొమ్మలోని ఆదివారం వీరందరినీ తొలగించాక మిగిలిన ఆదివారం. నీతికథకు ఇద్దరే పాత్రలు కావాలి, మూడోవాడు వస్తే కథ చెదిరిపోతుంది.

నాల్‌ను మరీ ఒంటరిగా నిలబెట్టడం అన్యాయం కనుక మరొక చిత్రకారుణ్ణి పక్కన పెడతాను. శామ్యూల్ థామస్ గిల్ కూడా 1818లోనే పుట్టాడు, ఇంగ్లండులోని సోమర్సెట్‌లో. 1839లో తల్లిదండ్రులతో ఆస్ట్రేలియాకు వలసపోయాడు. 1852లో విక్టోరియా బంగారు క్షేత్రాలకు వెళ్ళి, అక్కడి మనుషులను ఉన్నవారిని ఉన్నట్టు గీసి అచ్చువేశాడు. అతనికీ జంట బొమ్మలున్నాయి: ‘మెల్బోర్న్‌లో పొదుపరులైన తవ్వకందార్లు’ ఒకటి, ‘మెల్బోర్న్‌లో దుబారా తవ్వకందార్లు’ మరొకటి. అదృష్టవంతుడై తిరిగి వచ్చినవాడు, దురదృష్టవంతుడై తిరిగి రానివాడు అనే జంట కూడా ఉంది. అతని చేత కూడా, సరిగ్గా నాల్ చిత్రానికి మూడేళ్ళ ముందు, 1869లో, మెల్బోర్న్ ప్రజాగ్రంథాలయం వారు ఆ పాత రోజులను మళ్ళీ నీటిరంగుల్లో వేయించుకున్నారు. నలభై బొమ్మల సంపుటం. ఇరవై ఏళ్ళు గడిచేసరికి రెండు ఖండాల్లోనూ స్థిరపడిన పెద్దమనుషులకు తమ తొలినాళ్ళ బొమ్మలు కావాల్సి వచ్చాయన్నమాట.

అయితే గిల్ చేతిలో ఆ జంటలు ఎందుకో బిగుసుకోవు. దుబారా మనుషులను వేసేటప్పుడు అతని గీతలో ఉల్లాసం ఎక్కువ. చైనావారి భోజనశాల కూడా అతని బొమ్మల్లో ఉంది, ఆదివాసులూ ఉన్నారు. తానే దుబారా సగంలో ఉన్నానని అతనికి తెలుసు. తాగుడు అతణ్ణి తినేసింది; 1880 అక్టోబరులో మెల్బోర్న్ తపాలా కార్యాలయం మెట్ల మీద కుప్పకూలి మరణించాడు, దిక్కులేనివారి గుంటలో పాతిపెట్టారు. నాల్ బొమ్మ ముందు నిలబడితే మనం న్యాయమూర్తి పక్కన నిలబడతాం. గిల్ బొమ్మ ముందు ఎక్కడ నిలబడాలో అంత సులువుగా తెలియదు. నా మొగ్గు గిల్ వైపే, 1851 నాటి నాల్ వైపే.

ఇదంతా చిత్రకళా చరిత్రగా వదిలేసేవాణ్ణే. వదలలేకపోవడానికి కారణం నేను కూడా అటువంటి బొమ్మ ఒకటి వేసి ఉండటం. కొన్నేళ్ళ కిందట ఇక్కడి తెలుగువారి వార్షిక సంచిక ఒకదానికి నేనొక వ్యాసం రాశాను. అందులో ఇద్దరు కార్మికుల కథలున్నాయి. ఒకాయన పదకొండేళ్ళు కష్టపడి ఊళ్ళో ఇల్లు కట్టాడు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. రెండో ఆయన జీతమంతా చీట్లాటకు, అప్పులకు, ఖరీదైన ఫోనులకు తగలేసి, ఆరోగ్యం పాడుచేసుకొని ఉత్త చేతులతో తిరిగిపోయాడు. చాలామంది మెచ్చుకున్నారు. గల్ఫ్ గురించి మనం చెప్పుకునే కథలన్నీ దాదాపు ఈ అచ్చులోవే. పంపినవాడు, పంపనివాడు. ఇల్లు కట్టినవాడు, కట్టనివాడు.

ఆ వ్యాసంలో నేను రాయనిది ఒకటుంది. ఆ ఇద్దరిలో సగం సగం ఒకే మనిషి నుంచి తీసుకున్నవి. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. చమురుబావుల దగ్గర క్యాంపులో పనిచేసే మనిషి, మధుమేహం ఉన్నవాడు. ఇన్సులిన్ సరిగ్గా తీసుకోవడం లేదని మందలిస్తే, “ఈ నెల చెల్లెలి పెండ్లి సార్, వచ్చే నెల నుంచి వేసుకుంటా” అనేవాడు. ఆ వచ్చే నెల ఎప్పుడూ వచ్చే నెలే. కొంతకాలానికి ఒక శుక్రవారం రాత్రి కనుబొమ చీలి, చొక్కా నిండా రక్తంతో వచ్చాడు. చీట్లాటలో గొడవ. కుట్లు వేస్తూ, “నీవంటి బుద్ధిమంతుడు ఆ గుంపులో ఎందుకున్నాడయ్యా?” అన్నాను. అతను కదలకుండా పడుకొని, “నాకూ శుక్కురారమే గద సార్” అన్నాడు.

ఆ మాటను నేను నా వ్యాసంలోకి రానివ్వలేదు. వస్తే వ్యాసం నిలవదు. క్రాకర్ డబ్బిచ్చి చేయించిన పని, నేను ఉచితంగా చేశాను. పైగా నా శుక్రవారాలు వేరు. చల్లని గదిలో ఆలస్యంగా నిద్రలేచి, మిత్రుల ఇంట భోంచేసి, సాయంత్రం పిల్లలకు పద్యాలు నేర్పించే తరగతికి పోయే శుక్రవారాలవి. ఈ వ్యాసం చదివే మీ ఆదివారాలు కూడా ఇంచుమించు అలాంటివే అయి ఉంటాయి. మన సెలవు దినాన్ని ఎవరూ రెండు సగాలు చేసి చూడరు, మనం బట్టలు ఉతికితే సుగుణమనీ అనరు.

నాల్ పటంలో స్త్రీలు లేరు. నిజానికి గనుల్లోనూ తక్కువే. కువైట్ గనులసీమ సంగతి వేరు. మా కడప, గోదావరి జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చినవారిలో ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలు చాలామంది. 2015లో చేసిన చట్టం ఇంటిపనివారికి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలన్నది. ఆ సెలవు దొరికినవారు చర్చి ఆవరణలోనో, మాలియా సందుల్లోనో కనిపిస్తారు. దొరకనివారు నాకు ఎక్కడా కనిపించరు, జ్వరం మరీ ముదిరితే యజమానురాలి పక్కన కూర్చొని, ఆమె అనుమతితో మాట్లాడతారు. కుడి సగంలోకి గాని ఎడమ సగంలోకి గాని రావాలంటే ముందు సెలవు ఉండాలి గదా.

కువైట్‌కు చిత్రకారులు లేకపోలేదు. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్‌లో చమురు పడింది, 1946 జూన్ 30న మొదటి ఓడ చమురుతో బయలుదేరింది. ఆ తరువాత కళ్ళముందే మాయమైపోయిన మట్టి ఇళ్ళను, సందులను, పిల్లల ఆటలను ఐయూబ్ హుసేన్ జీవితాంతం బొమ్మలుగా వేసుకున్నాడు. పాత కువైట్ ఎలా ఉండేదో ఈనాటి పిల్లలకు ఆయన బొమ్మలే చెబుతాయి. అవి ఈ నేల మనిషి తన ఊరిని పోగొట్టుకొని వేసినవి, వాటిలో చమురుకు ముందరి లోకమే ఉంది. 1991లో ఇరాక్ సేనలు పోతూ పోతూ ఆరువందలకు పైగా బావులకు నిప్పుపెట్టినప్పుడు, సెబాస్టియన్ సల్గాడో వచ్చి, నూనెతో నల్లబడ్డ అగ్నిమాపకులను ఫోటోలు తీశాడు. మహత్తరమైన ఫోటోలు. కాని ఆయన అతిథి, ఆ మనుషులూ అతిథులే. 1946కూ ఇప్పటికీ మధ్య ఇక్కడ పైపులు మోసినవాడు, వంటలు వండినవాడు, జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకు ఎండలో పని నిషేధమైనందుకు తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు, తన బొమ్మను తానే వేసుకున్న దాఖలా నాకు కనిపించలేదు.

1867లో నాల్ వేసిన మరొక చిత్రం ఉంది, ‘మరణించిన గనివాడు’. మంచులో ఒక మనిషి పడి ఉన్నాడు. పక్కన అతని కుక్క తలెత్తి ఏడుస్తున్నది. అతను శ్రమించేవాడా, సోమరా అని ఆ బొమ్మ అడగదు. నాల్‌లోని పాత చూపు ఒక్కసారి తిరిగి వచ్చినట్టుంటుంది. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనం అంటుకొని 45 మంది భారతీయులు చనిపోయినప్పుడు కూడా కొన్నాళ్ళపాటు ఎవరూ ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. తరువాత అంతా మామూలే.

మొన్న ఉత్తర చమురు క్షేత్రంలో పనిచేసే ఒక కుర్రవాడు వచ్చాడు. రాజంపేట వైపువాడు. ఒంటి మీద దద్దుర్లు వచ్చి పోతున్నాయి. వచ్చినప్పుడు తీసిన ఫోటో చూపిస్తానని ఫోను తీశాడు. వెతుకుతుంటే మధ్యలో ఒక ఫోటో దగ్గర నేను ఆగమన్నాను. రెండు పోర్టా క్యాబిన్ల మధ్య తాడు కట్టి, పని దుస్తులు ఆరేసి ఉన్నాయి. గాలికి అన్నీ ఒకే వైపు లేచాయి. వెనుక, చాలా దూరంగా, గ్యాసు మంట. ఇది ఎందుకు తీశావని అడిగాను.

“గాలికి ఎగిరిపోతాయని కాపలా కూర్చున్నా సార్. ఊరికే తీసినా.”

ఇంటికి పంపావా అన్నాను. “దీన్నేం పంపేది సార్” అని నవ్వి, దద్దుర్ల ఫోటో కోసం వేలితో ముందుకు తోశాడు.